కుక్కలు లేని మండలం

ఆ ఏడాది తొలకరి పడేనాటికి నా చేతిలో ఉన్నవి మూడే. బస్టాండు పక్కన గింజలూ ఎరువులూ అమ్మే అంగడి, కొండవాలులో కౌలుకు తీసుకున్న వేరుశనగ చేను, సివంగి అనే నల్ల ఆడకుక్క. అంగడి నన్ను పోషించేది. చేను అప్పుడప్పుడు అంగడిని తినేది. సివంగి చేనును కాచేది. ఏది దేన్ని మోస్తున్నదో తెలియనివాడు వ్యాపారానికి పనికిరాడు. నా సంసారం మొత్తం ఆ కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడి ఉందని నాకు బాగా తెలుసు. అందుకే ఈ లెక్కను దానితోనే మొదలుపెడుతున్నాను.

మా కొండ నిండా అడవిపందులు. కాయ ఊరే రోజుల్లో మంద దిగిందంటే తెల్లారేసరికి చేను నాగలి పెట్టినట్టు తయారవుతుంది. మేము చెయ్యని ప్రయత్నం లేదు. గట్ల మీద పాత చీరలు కట్టాం. ఖాళీ డబ్బాలు వేలాడదీశాం. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం పెద్దగా పెట్టి వదిలాం. పందులు చీరల కిందినుంచి దూరి వచ్చి, కార్యక్రమం చివరిదాకా విని, తిని పోయాయి. కుక్కల మాట మాత్రం అవి వినేవి. పంట కాపాడుకోవడానికి వేట అనుమతి కూడా మా మండలానికి ఉండేది. చచ్చిన పందిని తినకుండా పాతిపెట్టాలని ఆ కాగితంలో రాసి ఉంది. కాగితం చదివేలోపే కూర అయిపోయేది.

ఆ వేటలో మా వైపు ఒక మర్యాద ఉంది. పందిని ఏ కుక్క మొదట పట్టిందో దానికి కార్జంలో, అంటే కాలేయంలో, ఒక ముక్క ఇవ్వాలి. పచ్చిదే ఇవ్వాలి, వేడి ఆరకముందే ఇవ్వాలి, యజమాని తన చేత్తోనే ఇవ్వాలి. ఉడకబెట్టి పెడితే కుక్కను అవమానించినట్టు. పెళ్లిలో వియ్యంకుడికి తాంబూలం మరిచిపోయినా ఊరుకుంటారు గాని, కుక్క వాటా మరిచినవాణ్ణి మళ్లీ వేటకు పిలవరు.

ఆ ఏడాది మొదటి వేటలో మొదటి పట్టు తిప్పన్న కుక్కది. తిప్పన్న నా చేను పక్క రైతు, నా పేరు చెన్నప్ప అయినా శెట్టి మామా అంటాడు. కుక్కను బిడ్డ కంటే గారాబంగా పెంచాడు. మర్యాద ప్రకారం కార్జం ముక్క పెట్టాడు. కొద్దిరోజులకు ఆ కుక్క మూతిని గోడకు రుద్దడం మొదలుపెట్టింది. రుద్ది రుద్ది తోలు ఊడింది. కాళ్లతో గీరుకుంది, పళ్లతో తన ఒళ్లే కొరుక్కుంది, ఆ మరునాటికి చచ్చిపోయింది. తిప్పన్న దాన్ని చేనుగట్టున పూడ్చి, ఎవరో దిష్టి పెట్టారని కొబ్బరికాయ కొట్టాడు.

మా పశువైద్యశాలలో కొత్తగా చేరిన డాక్టరు శశికళమ్మ సంగతి విని తనే చేను దగ్గరికి వచ్చింది. ఇది పందులు మోసే వైరస్ అనీ, పందికి పెద్దగా ఏమీ చెయ్యదనీ, కుక్కకు సోకితే పిచ్చి దురద పుట్టి రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుందనీ, దీనికి మందు లేదనీ చెప్పింది. అయితే ఏం చెయ్యాలని తిప్పన్న అడిగాడు.

"పచ్చి మాంసం పెట్టొద్దు. ఉడకబెట్టి పెట్టు," అంది ఆమె. "పంది కరిస్తే గాయం కడిగి నా దగ్గరికి తీసుకురా. అంతకంటే నేనైనా చెప్పగలిగేది లేదు."

ఆ మాట మేము వింటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఆమె ఆ రెండు సలహాలనూ ఒక తెల్లకాగితం మీద రాసి పైఆఫీసుకు పంపింది. కథ అక్కడ మొదలైంది.

పైన ఆ కాగితం ఏ బల్ల మీద పడిందో, ఎవరి చేతిలో లావెక్కిందో గాని, పంట గింజ పట్టే సమయానికి మా మండలానికి ఒక కొత్త విభాగమే దిగింది. దాని పేరు వన్య–గ్రామ్య జంతు సంపర్క నివారణ విభాగం. బోర్డు పట్టే గోడ దొరక్క పాత మార్కెట్ గోదాముకు తగిలించారు. దాని అధికారి మార్కండేయులు గారు. మనిషి మంచివాడే. ఎవరినీ కసరడు, ఎవరి దగ్గరా టీ తాగడు. ఆయన మాట్లాడితే మాత్రం నోట్లోంచి కాగితం బయటికి వస్తున్నట్టు ఉండేది.

ఊరివాళ్లందరినీ గోదాము ముందు కూర్చోబెట్టి ఆయన మొదటి ఉత్తర్వు చదివాడు. "ఆరోగ్య స్థితి నిర్ధారణ కాని ఏ అడవిపందినీ ఏ శునకమూ సమీపించుట, తరుముట, మరియు దానినుద్దేశించి మొరుగుట ఇందుమూలముగా నిషేధించడమైనది."

తిప్పన్న లేచి, పందికి రోగముందో లేదో కుక్కకు ఎట్ల తెలుస్తుంది సార్ అని అడిగాడు. ఆ బాధ్యత కుక్క మీద పెట్టడం లేదని, యజమానిదేనని ఆయన ఓపిగ్గా వివరించాడు. కుక్క తరమబోయే పందిని యజమాని ముందుగా ఆఫీసుకు హాజరుపరిచి, రక్తం తీయించి, చెవికి పసుపు బిళ్ల వేయించుకోవాలి. ఆ తర్వాత నిరభ్యంతరంగా తరుముకోవచ్చు. పందిని పట్టి తేవడానికి కుక్క కావాలి గదా అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ అంశం రెండో ఉత్తర్వులో పరిశీలిస్తామన్నాడు ఆయన.

రెండో ఉత్తర్వు నిజంగానే వచ్చింది. పందులను ప్రజలు పట్టలేరు కాబట్టి పందులే నడిచి రావాలి. అందుకు కొండ కింద బోనులు పెట్టి మొక్కజొన్న పోస్తారట. దాని పేరు ఆకర్షణ ఆహారం. సరఫరాకు టెండరు పిలిచారు. మండలంలో గింజల అంగడి నాదొక్కటే కాబట్టి టెండరు నాకే వచ్చింది. చేలో పందులు ఊరికే తినేవి. ఇప్పుడు నా చేతిమీదుగా, సర్కారు ఖర్చుతో, మంచి తూకంలో తినబోతున్నాయి. నేను సంతకం పెట్టాను. వ్యాపారస్తుణ్ణి, వచ్చిన బేరాన్ని తిట్టి పంపలేను.

మొదట్లో పందులు మొక్కజొన్నను నమ్మలేదు. తర్వాత నమ్మాయి. తెలివైనవి బోనులో కాలు పెట్టకుండా మూతి చాచి తిన్నాయి. తెలివితక్కువవి లోపలికి వెళ్లి దొరికాయి. దొరికినవాటికి రక్తం తీసి, టీకా వేసి, పసుపు బిళ్ల కొట్టి వదిలారు. ఆ జబ్బుకు టీకా తమ స్టోరులోనే లేదని శశికళమ్మ మార్కండేయులు గారికి చెప్పిందట. మరి స్టోరులో ఉన్న పంది టీకా ఏదైతే ఉందో అదే వేయమన్నాడు. అది వేరే జబ్బుది సార్ అంటే, పథకం ప్రకారం టీకా వేయాలనే ఉంది గాని దేనికో రాయలేదని చూపించాడు. రక్తపు సీసాలు పట్నం వెళ్లాయి. ఫలితాలు వచ్చేదాకా ఆగితే లక్ష్యం దెబ్బతింటుందని బిళ్లలు ముందే కొట్టేశారు.

ఇంక కుక్కల సంగతి. పందితో ఇదివరకే సంపర్కం కలిగిన కుక్కలను వేరుచేయాలి. అది కనిపెట్టడానికి ఒక పరీక్ష తెచ్చారు. అటెండరు మౌలాలి గుడ్డ మీద వేసిన పంది బొమ్మ పట్టుకుని వీధి వీధీ తిరిగాడు. బొమ్మ చూసి మొరిగిన కుక్కకు పందితో పరిచయం ఉన్నట్టు. దాన్ని గోదాములో పెడతారు. మొరగకపోతే కొత్తదని వదిలేస్తారు.

సివంగి ఆ బొమ్మను ఒక్కసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. దానికి గుడ్డకూ పందికీ తేడా తెలుసు. అయితే వెనకాలే వచ్చిన మార్కండేయులు గారిని చూసి మొరిగింది. బొమ్మను చూసి కాదు సార్, మిమ్మల్ని చూసి అని నేను చెప్పాను. పుస్తకంలో దేనిని చూసి అనే గడి లేదని, మొరిగింది అనే గడి మాత్రమే ఉందని మౌలాలి బాధగా చెప్పి గొలుసు తగిలించాడు. ఊళ్లో పనికొచ్చే కుక్కలన్నీ ఆ వారంలో గోదాము చేరాయి. పనికిరానివి వీధిలో మిగిలి, రోగం లేదన్న చీటీ మెళ్లో వేసుకుని తిరిగాయి.

పందులకు కబురు ఎవరు చెప్పారో తెలియదు. బోను దగ్గర మొక్కజొన్న, ఆ తర్వాత నా చేలో వేరుశనగ. భోజనమయ్యాక పండు తిన్నట్టు వచ్చేవి. సగం చేను పోయింది. మిగతా సగంలో కాయ ఊరుతోంది. అది ఇంటికి రావాలంటే సివంగి ముందు ఇంటికి రావాలి.

గోదాముకు వెళ్లాను. కుక్కలన్నిటినీ పాత తూకపు రాళ్లకు కట్టేశారు. సివంగి నన్ను చూసి లేవలేదు. తోక మాత్రం నేలకేసి ఒకసారి కొట్టింది. ముందర పెట్టిన జావ ఎండిపోయి ఉంది. వెన్ను మీద ఎముకలు కనబడుతున్నాయి. అంగడిలో ఎన్నో సరుకులు నష్టానికి వదులుకున్నాను, ఎప్పుడూ నిద్ర చెడలేదు. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

శశికళమ్మను అడిగితే నిట్టూర్చింది. "ఆ జబ్బుంటే ఈపాటికి చచ్చిపోయేది శెట్టి గారూ. బతికుందంటే లేనట్టే. జబ్బు చంపలేదు గాని, ఆ గొలుసు చంపేట్టుంది."

ఆ మాట తీసుకెళ్లి మార్కండేయులు గారి ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని సానుభూతిగానే చూశాడు.

"చెన్నప్ప గారూ, జీవించి ఉండుటను ఆరోగ్యమునకు నిదర్శనముగా పరిగణించుటకు నిబంధనలలో వెసులుబాటు లేదు."

మరి ఎప్పుడు వదులుతారని అడిగాను. మండలంలోని పందులన్నీ బిళ్లలు వేయించుకున్న రోజున కుక్కలకు ముప్పు తొలగినట్టు, ఆ రోజే వదులుతామన్నాడు. కొండ మీద పందులు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు గదా అన్నాను. అందుకే తొందరపడటం లేదన్నాడు.

లేచి రాబోతుండగా ఆయన ముఖంలో దిగులు కనబడింది. ఎదుటివాడి దిగులు చదవలేనివాడు అంగడి పెట్టకూడదు. కూర్చుని కుశలం అడిగాను. పైనుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడట. నెలాఖరుకు ఇన్ని పందులకు బిళ్లలు వేస్తామని మార్కండేయులు గారు రాసిచ్చారు. బోనుల్లో పడ్డవి అందులో మూడో వంతు కూడా లేవు. పందులు సహకరించడం లేదని రాద్దామంటే, పందుల సహకారం అనే గడి నివేదికలో లేదు.

నేను గోదాము వైపు చూశాను, ఆయన బల్ల వైపు చూశాను. ఆయన దగ్గర కుక్కలు మిగిలాయి, పందులు తగ్గాయి. వ్యాపారమంటే మిగిలిన చోటునుంచి తగ్గిన చోటికి సరుకు చేర్చడమే. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. ఫారంలో పందిని గురించి ఏమేమి రాయాలి సార్ అని అడిగాను. ఆయన తీసి చదివాడు. కాళ్లు, రంగు, లింగం, తోక, చెవులు.

"సివంగికి నాలుగు కాళ్లు సార్. నలుపు. ఆడది. తోక ఉంది. చెవులు రెండూ బిళ్లకు అనువుగా ఉంటాయి."

ఆయన ఫారం తిరగేసి వెనకవైపు చూశాడు. ఆఖరికి గొంతు తగ్గించి అడిగాడు. "శబ్దం?"

"ఆ గడి ఉందా సార్?"

"లేదు," అన్నాడు, బరువు దిగినట్టు.

ఆ సాయంత్రం సివంగి చెవికి పసుపు బిళ్ల పడింది. కాగితం మీద అది వరాహం, ఆడ, నలుపు, టీకా వేయబడినది. అడవిపంది సర్కారు ఆస్తి కాబట్టి నాకు అమ్మడానికి వీల్లేదు. గ్రామ సంరక్షకుడి హోదాలో నా అరుగు మీద తాత్కాలికంగా ఉంచారు. నెలనెలా దానికి మొక్కజొన్న కోటా మంజూరైంది. ఆ మొక్కజొన్న నేను సరఫరా చేసిందే. నా అంగడిలో కట్టిన బస్తా మార్కెట్ గోదాము చుట్టి, మూడు సంతకాలు పెట్టించుకుని, మళ్లీ నా అంగడికే వచ్చింది. సివంగి దాన్ని ముట్టలేదు. నా కోళ్లు తిన్నాయి.

అన్నం రెండు పూటలు తిన్నాక సివంగి లేచి నడిచింది. మరికొన్నాళ్లకు తెల్లవారుజామున చేలోకి మంద దిగితే, గట్టు దూకి తరిమి తరిమి కొండెక్కించింది. ఎవరో పోయి ఫిర్యాదు చేశారు, శెట్టి కుక్క బిళ్ల వేసిన పందులను తరుముతోందని. మార్కండేయులు గారు విచారణకు వచ్చాడు. రికార్డు తెప్పించి చూస్తే ఆ మండలంలో నా పేరు మీద కుక్క లేదు. తరిమినది పంది. ఆయన అక్కడే నిలబడి ఉత్తర్వు రాయించాడు: "వరాహములు వరాహములను తరుముట స్వజాతి అంతర్గత వ్యవహారమైనందున, శాఖ జోక్యము చేసుకొనజాలదు."

ఆ ఉత్తర్వు నోటీసు బోర్డుకు ఎక్కిన మరునాడు గోదాము ముందు తిరునాళ్లంత జనం. తిప్పన్న అప్పటికే తన చెల్లెలి ఊరినుంచి ఒక ఎదిగిన కుక్కపిల్లను తెచ్చి పెంచుతున్నాడు, ఎర్రది, చురుకైనది. దాన్ని భుజాన వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. రంగు అనే గడి దగ్గర మౌలాలి ఆగి, ఎర్ర పంది ఉంటుందా అని అనుమానపడ్డాడు.

"మట్టిలో పొర్లింటుంది రాసుకోన్నా," అన్నాడు తిప్పన్న.

వారం తిరక్కముందే గోదాము ఖాళీ అయింది. పందుల లక్ష్యం నిండి పొంగింది. కుక్కల పుస్తకం తెల్లగా మిగిలింది. చీటీలు వేసుకుని తిరుగుతున్న పనికిరాని కుక్కలను కూడా, ఒంటరిగా ఉంటే లెక్క చెడుతుందని, పందుల్లోనే చేర్చారు.

తనిఖీ రోజు పెద్ద అధికారి వచ్చాడు. షామియానా కింద ఒక వరుసలో మండలంలోని ధ్రువీకృత వరాహాలను కూర్చోబెట్టాం. ఆయన పట్నం మనిషి, దూరంనుంచి చూసి సంతోషించాడు. అడవిజంతువులు ఇంత మచ్చికగా ఎట్లా ఉన్నాయని అడిగాడు. నిరంతర అవగాహన కార్యక్రమాల వల్ల అని మార్కండేయులు గారు చెప్పాడు. తిప్పన్న పంది ఆయన చెయ్యి నాకింది. వరుస చివరిది మైకు స్తంభం దగ్గర కాలెత్తింది. పెద్దాయన నివేదిక చదివాడు: "ఈ మండలమున శునకములకు అడవిపందుల వలన ముప్పు సున్నాకు చేరినది. కారణము: శునకములు సున్నా." రెండో వాక్యం ఆయన లోపల చదువుకున్నాడు. మార్కండేయులు గారికి శాలువా మాత్రం అందరి ముందూ కప్పాడు. శశికళమ్మ వెనక వరుసలో చేతులు కట్టుకుని నిలబడింది, చప్పట్లు కొట్టలేదు.

మిగిలిన సగం చేను ఇంటికి వచ్చింది. అందరి చేలూ అంతో ఇంతో వచ్చాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ లెక్క లాభంలో మూసేవాణ్ణి.

కాయ పీకడం ముగిసే రోజుల్లో ఆఖరి మంద దిగింది. మా పందులు కొండ పందులను తరిమాయి. ఆ పరుగులో ఒక పెద్ద మగపంది రాళ్లగుంటలో పడి మెడ విరుచుకుంది. పైకి లాగి చూస్తే చెవికి పసుపు బిళ్ల ఉంది. గుంటలోకి మొదట దూకి పట్టుకున్నది తిప్పన్న ఎర్రది. తిప్పన్న కత్తి తీశాడు. కార్జం ముక్క కోసి అరచేతిలో పెట్టుకున్నాడు.

నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో మరిచిపోయినావా, పోయిన కుక్కను మరిచిపోయినావా అన్నాను.

"అది బిళ్ల లేని పంది మామా," అన్నాడు తిప్పన్న. "ఇది సర్కారు చూసిన పంది. టీకా ఏసినారు, రక్తం తీసినారు. నువ్వే గదా మొక్కజొన్న పోసి పిలిపించినావు. ఇంత చేసినాక గూడా నమ్మకపోతే ఎట్లా?"

నా చెయ్యి సడలింది. వాడు నమ్మిన ప్రతిదాంట్లోనూ నా సరుకు కొంత ఉంది. ఎర్రది ఆ ముక్కను ఒక్క గుటకలో మింగి, వాడి చేతిని శుభ్రంగా నాకింది.

తర్వాత జరిగింది పాత కథే. గోడకు మూతి రుద్దడం, తోలు ఊడడం, ఒళ్లు కొరుక్కోవడం. తిప్పన్న రాత్రింబగళ్లు దాని ముందుకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు, గీరుకోకుండా. డాక్టరమ్మ వచ్చి నొప్పి తెలియకుండా సూది వేసింది. అంతే చెయ్యగలిగింది. వాడు ఈసారి కొబ్బరికాయ కొట్టలేదు. మొదటిదాని పక్కనే గుంట తవ్వాడు. పూడ్చేముందు చెవి బిళ్ల తియ్యబోతే రాలేదు. దానితోనే పూడ్చాడు.

శశికళమ్మ మళ్లీ కాగితం రాసింది, ఇంకో కుక్క చచ్చిందని. అది తిరిగి వచ్చింది. మండలంలో కుక్కలు లేనందున కుక్క మరణము సంభవించజాలదని, ఒక వరాహము సహజ కారణములచే మృతి చెందినట్టు నమోదు చేసుకోవడమైనదని కింద రాసి ఉంది. ఆ వారమే పట్నంనుంచి రక్తపు సీసాల మీద జవాబు వచ్చింది. దారిలో ఐసుగడ్డలు కరిగిపోయి సీసాలు పాడైనందున మళ్లీ పంపమని రాశారు. విభాగం అప్పటికే పక్క మండలానికి వెళ్లిపోయింది, మార్కండేయులు గారికి పదోన్నతి వచ్చింది. వెళ్లేరోజు నా అంగడి ముందు బండి ఆపి, సివంగిని చూసి, ఆరోగ్యంగా ఉందా అని అడిగాడు. ఉంది సార్ అన్నాను. సంతోషం, జాగ్రత్తగా చూసుకోండి, సర్కారు సొత్తు అన్నాడు.

ఇక ఆఖరి లెక్క. అంగడి ఉంది, మొక్కజొన్న చలవతో కాస్త పెరిగింది. చేను సగం వచ్చింది, కౌలు మాత్రం నిండుగా పోయింది. సివంగి నా ఇంట్లోనే ఉంది, కాగితం మీద మాత్రం నాది కాదు, కుక్కా కాదు. నష్టం వైపు తిప్పన్న గట్టున రెండు గుంటలు ఉన్నాయి. వాటిలో రెండోది నా పద్దులోనూ ఎంతోకొంత పడుతుంది. ఎంతో తేల్చడం నాకు చేతకాలేదు.

లాభం వైపు ఒక్క మాట మిగిలింది. అది మొదటి రోజున డాక్టరమ్మ చేను గట్టు మీద ఊరికే ఇచ్చిపోయిన మాట. ఇప్పుడు వేట జరిగిన రోజున నేను సివంగి వాటాను ఇంటికి తెచ్చి పొయ్యి మీద పెడతాను. కుక్కను అవమానిస్తున్నానని ఊళ్లో నవ్వినవాళ్లు కొందరు ఈమధ్య గిన్నెలు పట్టుకుని కట్టెలు అడగడానికి వస్తున్నారు. తిప్పన్న కూడా వస్తాడు. వాడికి కుక్క లేదు. పొయ్యి దగ్గర కూర్చుని, కార్జం బాగా ఉడికిందో లేదో పుల్లతో పొడిచి చూసి, ఇంకాసేపు ఉండనీ మామా అంటాడు. సివంగి పసుపు బిళ్ల చెవిని ఆడిస్తూ ఓపిగ్గా కాచుకుని ఉంటుంది.